శుశ్రూషయు బంధనమును

తెలుగున 'కట్టు' అను మాట రెండు పనులకు చెల్లుచున్నది. గాయమునకు మందు వేసి చుట్టు గుడ్డయు కట్టే. మనుష్యుని కదలనీయక మంచమునకు బిగించు త్రాడును కట్టే. మొదటిది వైద్యము, రెండవది నిర్బంధము. ఈ రెంటికిని నడుమ గల భేదమును మన యిండ్లును, వైద్యశాలలును, వృద్ధాశ్రమములును ఒక్కొక్కప్పుడు మరచుచున్నవి. మంచముమీదనుండి పడిపోవునని ముసలివాని నడుమునకు పాత చీర చుట్టి పట్టెకు ముడివేయుదురు. ముక్కులోని గొట్టమును లాగివేయునని మణికట్టులకు గుడ్డ బిగింతురు. రాత్రివేళ వీధినబడి పోవునని గదికి బయట గొళ్లెము పెట్టుదురు. ఇవియన్నియు సేవ పేరనే జరుగుచున్నవి. చేయువారిలో క్రూరులు మిక్కిలి అరుదు. పెక్కుమంది అలసినవారు, భయపడినవారు. కావుననే ఈ విషయమును నిందతో గాక చరిత్రతో విచారింపవలసియున్నది. మనుష్యులు రోగులను ఎందుకు కట్టిరి, ఎప్పుడు విప్పిరి, విప్పిననాడు త్రాటి స్థానమున ఏమి నిలిపిరి అనునదియే మేము ఇచట పరిశీలింపగోరునది.

ఈ విచారణ మా ప్రాంతమునకు దూరమైనది కాదు. పలాస మొదలుకొని మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురముల మీదుగా సముద్రపుటొడ్డున సాగు నేలను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే అట్లు మారెనని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చూచుటకు ఇంపైన నేల యిది. అయినను ఈ నేల తన బిడ్డలనందరిని ఎన్నడును తనయొద్ద నిలుపుకొనజాలలేదు. మా తాతల కాలమున కూలి కొరకు ఓడలెక్కి రంగమునకు పోయిరి. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించినప్పుడు పెక్కుమంది అడవులబడి నడచి తిరిగివచ్చిరి. నేడు ముంబయి, హైదరాబాదు, అండమాను దీవులు, గల్ఫు దేశములు ఆ రంగము స్థానమును ఆక్రమించినవి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఏండ్లతరబడి పెంచిన కొబ్బరి జీడి తోటలను ఒక్క రాత్రిలో నేలగూల్చెను. చెట్టు పోయిన యింట పడుచువాడు రైలెక్కక ఏమి చేయును? ఇంట మిగులువారు ముసలివారును, వారిని చూచు ఒక్క స్త్రీయును.

దీనికి తోడు వ్యాధి. 1990వ దశకమునుండియు ఉద్దానపు గ్రామములలో మూత్రపిండముల వ్యాధి విస్తారముగా కానవచ్చుచున్నది. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు ఈ వ్యాధికొరకే 200 పడకల వైద్యశాలయు, పరిశోధనాకేంద్రమును ప్రారంభమయ్యెను. వ్యాధి ముదిరిన రోగులు వారమునకు రెండు మూడుమారులు డయాలిసిస్ యంత్రముచెంత గంటలతరబడి పరుండవలెను. రక్తమున మలినములు పేరుకొన్నప్పుడు రోగి బుద్ధి కలవరపడును. ఎచటనున్నాడో తెలియదు, సూదిని పెరికివేయజూచును, లేచి పోవజూచును. వృద్ధాప్యమున జ్ఞాపకశక్తి నశించినవారికిని, జ్వరము సోకిన ముసలివారికిని ఇట్టి కలవరమే కలుగుచుండును. అట్టి సమయమున కట్టుట యొక్కటే దారియని తోచుట సహజము. కాని సహజముగా తోచినదెల్ల సరియైనది కాదని చరిత్ర చెప్పుచున్నది.

మన ప్రాచీనులు ఈ విషయమున నిర్దోషులని చెప్పుకొనుట సత్యము కానేరదు. చరకసంహితయందు ఉన్మాదచికిత్స చెప్పుచోట, ఉద్రేకించిన రోగిని దృఢమైనవియు బాధింపనివియునగు పట్టీలతో బంధించి, ఇనుము, కఱ్ఱ మొదలగునవి లేని చీకటిగదియందు ఉంచవలెనని కలదు. భయపెట్టి బుద్ధిని దారికి తెచ్చు ఉపాయములును అచటనే చెప్పబడినవి. ఇందు రెండు గుణములు కలిసియున్నవి. పట్టీ దేహమును నొప్పింపరాదు, గదిలో గాయపరచు వస్తువు ఉండరాదు అనుట దయ. చీకటియు, బెదరింపును చికిత్సలనుట ఆ కాలపు అజ్ఞానము. శాస్త్రగ్రంథమందలి దయను విడిచి అజ్ఞానమును మాత్రము నిలుపుకొన్నవారము మనము. మెత్తని పట్టీ పోయి కొబ్బరిత్రాడును, ఇనుపగొలుసును వచ్చినవి.

పాశ్చాత్యులయందును ఇట్లే యుండెను. ఫ్రాన్సుదేశపు రాజధానియగు పారిసు చెంత బిసేత్రు అను వైద్యశాలలో ఉన్మాదులను గోడలకు గొలుసులతో కట్టియుంచెడివారు. 1793లో పినేలు అను వైద్యుడు అచటికి వచ్చెను. గొలుసులను విప్పిన ఘనత చిత్రపటములలో అతనికే దక్కినది. కాని 1797లో బిసేత్రున వాటిని నిజముగా తీసివేయించినవాడు పుస్సెన్ అను పర్యవేక్షకుడు. అతడు వైద్యుడు కాడు. ఒకప్పుడు అదే వైద్యశాలకు రోగిగా వచ్చి, నయమైన పిదప కొలువునకు కుదిరినవాడు. తనవలెనే కోలుకొన్నవారిని ఏరి పరిచారకులుగా నియమించుట అతని పద్ధతి. మంచమున పడియుండుట ఎట్టిదో ఎఱిగినవాడు రోగిని కొట్టడని అతని అనుభవము. అయినను గొలుసు పోయినచోట కొందరికి బిగువుచొక్కా వచ్చెను. బంధనము రూపము మార్చుకొనెనే గాని అంతరింపలేదు.

1796లో ఇంగ్లాండునందలి యార్కు పట్టణమున విలియం ట్యూక్ అను తేయాకు వర్తకుడు, క్వేకరులనబడు తన మతసమాజమువారి సాయముతో ఒక ఆశ్రమమును స్థాపించెను. వారి సమాజమునకు చెందిన స్త్రీ యొకతె ఆ పట్టణపు పిచ్చాసుపత్రిలో దిక్కులేని చావు చచ్చుట దానికి కారణము. తోట, పని, మర్యాదగల మాట, ఆప్యాయత గల భోజనము - ఇవియే అచటి మందులు. బంధనమును మిక్కిలి అరుదుగా మాత్రమే వాడిరి.

బంధనమును పూర్తిగా విడువవచ్చునని ఋజువు చేసినది లింకను పట్టణపు ఆసుపత్రి. ఆ కథ మన విషయమునకు మూలస్తంభము వంటిది. 1829లో అచట ఒక రోగిని బిగువుచొక్కా తొడిగి రాత్రి మంచమునకు కట్టి విడిచిరి. తెల్లవారునప్పటికి అతడు మరణించియుండెను. అంతట అధికారులు ఒక నియమము చేసిరి: రాత్రివేళ ఎవరినైన కట్టవలసివచ్చినచో ఆ గదిలో ఒక పరిచారకుడు తెల్లవార్లు కూర్చుండవలెను. నియమము చిన్నది, ఫలము పెద్దది. మనుష్యుడు ప్రక్కన కూర్చుండగా కట్టవలసిన అవసరమే చాలమందికి లేకపోయెను. రాబర్ట్ గార్డినర్ హిల్ అను యువవైద్యుడు 1838 నాటికి ఆ ఆసుపత్రిలో బంధనమును మొత్తముగా మాన్పించెను. మఱుసటి సంవత్సరము జాన్ కొనాలీ అను వైద్యుడు లండను చెంతనున్న హాన్వెలు ఆసుపత్రిలో, సుమారు 800 మంది రోగులనడుమ, అదే పని చేసి చూపెను. చిన్న ఆసుపత్రిలో సాధ్యమైనది పెద్దదానియందు సాధ్యము కాదనువారి నోరు దానితో మూతపడెను. ఇందుకు హిల్ చెప్పిన షరతు ఒక్కటే: రాత్రింబవళ్లు మెలకువతో చూచు పరిచారకులు తగినంతమంది ఉండవలెను.

త్రాడు అనునది లేని మనుష్యునికి బదులుగా వచ్చునది. సంస్కృతమున బంధ ధాతువునుండియే బంధనమును పుట్టెను, బంధువును పుట్టెను. బంధువు ఉన్నచోట బంధనము అక్కర లేదు. బంధువు కొఱవడినచోట బంధనము వచ్చి కూర్చుండును. లింకను ఆసుపత్రి లెక్కలు చెప్పినదియు, మా ఉద్దానపు ఇండ్లు చెప్పుచున్నదియు ఈ యొక్క మాటనే.

ఇక మన రాజధాని చెన్నపట్టణమైయున్న కాలమునకు వత్తము. టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతములు 1936 వఱకు గంజాము జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా ఇవి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. చెన్నరాష్ట్రమున ఉత్తరభాగపు ఉన్మాదులకొరకు వాల్తేరున ఒక ఆశ్రయశాల 1870వ దశకపు తొలినాళ్లకే వెలసియుండెను. నేడు విశాఖపట్టణమున గల ప్రభుత్వ మానసిక వైద్యశాల దాని సంతతియే. 1858లోను, 1912లోను వచ్చిన చట్టములు ఎవరిని ఎట్లు లోపలికి పంపవలెనో విస్తరించి చెప్పినవిగాని, లోపలనున్నవాని శుశ్రూషనుగూర్చి చెప్పినది స్వల్పము. వానికి ముఖ్యప్రయోజనము ఊరి రక్షణ, రోగి రక్షణ కాదు.

పలాసనుండి వాల్తేరునకు రెండువందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరము. రైలు రాని దినములలో అంతదూరము రోగిని బండిమీద తీసికొనిపోగల కుటుంబములెన్ని? పోలేనివారు ఇంటి వెనుక వసారాలో స్తంభమునకో, దేవాలయపు మండపమునకో, దర్గా ముంగిటికో రోగిని అప్పగించిరి. ఆ అలవాటు ఎంత లోతుగా నాటుకొన్నదో దేశమునకు తెలిసిన దినము 2001 ఆగస్టు 6. తమిళనాడున రామనాథపురము జిల్లా ఏర్వాడియందు దర్గా చెంతనున్న ఒక ప్రైవేటు ఆశ్రమమునకు తెల్లవారుజామున నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోజాలక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. నిప్పు కొందరిని చంపెననుట సగము మాట. కట్టు వారిని చంపెననుట నిండుమాట. తుపాను వచ్చు తీరమున కాపురముండు మనము ఈ సంగతిని రెండింతలు జ్ఞాపకముంచుకొనవలెను. అర్ధరాత్రి ఉప్పెన వచ్చునని దండోరా వేసినప్పుడు, మంచమునకు కట్టియున్న ముసలివాని ముడి విప్పుటకు ఎవరు మిగిలియుందురు?

ఉన్మాదులకు కట్లు విప్పిన పాశ్చాత్యదేశములు ఇరువదవ శతాబ్దమున ముసలివారిని కట్టుట మొదలుపెట్టినవి. కుటుంబములు చిన్నవైనవి, వృద్ధులను పోషించు నర్సింగుహోములు వెలసినవి, వేతనములు మిగుల్చుకొనుటకై పరిచారకులను తగ్గించిరి. పడిపోవునను భయము సాకుగా నడుమునకు పట్టీ, చేతికి పట్టీ, కుర్చీకి అడ్డుపలక వచ్చినవి. అమెరికాలో 1980వ దశకమున అట్టి గృహములందలి వృద్ధులలో నూటికి సుమారు 40 మంది వఱకు ఏదో యొక బంధనమున ఉండిరని లెక్కలు తేల్చినవి. 1987లో ఆ దేశము ఒక చట్టము చేసెను. శిక్షగాగాని, పరిచారకుల సౌకర్యముకొరకుగాని ఎవరిని కట్టరాదని దాని తాత్పర్యము. ఆ చట్టమునకు ముందే పెన్సిల్వేనియాలోని క్వేకరు సంస్థ యొకటి తన వృద్ధగృహములందు ఒక్క కట్టును లేకుండ నడిపి చూపి, వృద్ధుల కట్లు విప్పుడను ప్రచారమును తలపెట్టెను. యార్కునందు మొదటి ఆశ్రమమును కట్టిన సమాజమువారే వీరును. క్రమక్రమముగా ఆ దేశమున బంధనము నూటికి ఇద్దరికంటె తక్కువకు దిగిపోయెను.

కట్లు విప్పినచో ముసలివారు పడి ఎముకలు విరుగగొట్టుకొందురను వాదమునకు 1992లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి సమాధానము చెప్పినది. అమెరికాలో 12 గృహములందలి 397 మంది వృద్ధులను ఒక సంవత్సరము పరిశీలింపగా, ఎన్నడును కట్టబడనివారిలో నూటికి అయిదుగురికిని, కట్టబడినవారిలో నూటికి పదునేడుగురికిని పడుటవలన తీవ్రమైన గాయములు కలిగినవి. కట్టబడినవారు ముందే ఎక్కువ బలహీనులు కావచ్చునని ఎవరైన ఆక్షేపింపవచ్చును. అది ఉచితమైన ఆక్షేపణయే. అయినను కట్టు వారిని కాపాడెనని మాత్రము ఆ లెక్కలు చూపలేదు. ఇందుకు హేతువును ఊహించుట కష్టము కాదు. కదలని కండ క్షీణించును; పది దినములు కట్టి విప్పినచో నిలుచుటకు కాలు రాదు. ఒత్తుడుపుండ్లు పుట్టును, మలమూత్రములు బిగించును లేదా వశము తప్పును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. కట్టులో పెనగులాడి మెడకు గుడ్డ చుట్టుకొని చనిపోయినవారును కలరు. అన్నిటికంటె మించి, కలవరపడిన రోగికి కట్టు మఱింత కలవరమును కలిగించును. దానిని చూచి కట్టు ఇంకను బిగింతురు.

జపానుదేశమున 2000 సంవత్సరమునందు వృద్ధుల పోషణకై బీమాపద్ధతి ఏర్పడినప్పుడు, వారి గృహములలో బంధనమును నిషేధించిరి. మూడు షరతులు కలిసివచ్చిననే మినహాయింపు: అపాయము తక్షణమైనదై యుండవలెను, వేఱొక ఉపాయము లేకుండవలెను, కట్టు తాత్కాలికమై యుండవలెను.

మన దేశపు చట్టమును చూతము. ఏర్వాడి దుర్ఘటన పిదప ఎంతయో చర్చ జరిగి, 2017లో మానసిక ఆరోగ్యచట్టము వచ్చెను. దానిప్రకారము గొలుసులతో కట్టుట ఏ రూపమునను కూడదు. ఇతరబంధనము తక్షణమైన అపాయమును తప్పించుటకు వేఱు దారి లేనప్పుడు మాత్రమే చెల్లును. దానికి మానసిక వైద్యుని అనుమతి కావలెను. ఏ విధముగ, ఏ కారణమున, ఎంతసేపు కట్టిరో రోగి వైద్యపత్రమున వెంటనే వ్రాయవలెను. రోగి పక్షమున నియుక్తుడైన ప్రతినిధికి 24 గంటలలో తెలుపవలెను. శిక్షగా కట్టరాదు. పరిచారకులు చాలరను కారణముమాత్రముననే కట్టరాదు. ఈ కడపటి నియమమున లింకను పాఠము మన శాసనమున చేరినది.

కాని ఆ చట్టము మానసిక వైద్యసంస్థలను దృష్టియందుంచుకొని వ్రాయబడినది. 2007లో తల్లిదండ్రులయు వృద్ధులయు పోషణకై వచ్చిన చట్టము, జిల్లాకొక్క వృద్ధాశ్రమమైనను ఉండవలెనని, అందు దిక్కులేని 150 మందికి చోటుండవలెనని ఆశించినది. ముసలివారిని విడిచిపెట్టినవారికి శిక్షయు విధించినది. కట్టుటనుగూర్చి ప్రత్యేకనియమము అందు లేదు. అన్యాయముగా నిర్బంధించుట నేరమని 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలైనుండి అమలగు భారతీయ న్యాయసంహితయు చెప్పుచున్నవి. కాని కన్నతల్లి కొడుకుపై ఏ ఠాణాకు పోవును? 1980లో ప్రేమశంకర శుక్లా అను ఖైదీ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, తగిన హేతువు వ్రాసి చూపక ఖైదీ చేతికి సంకెల వేయుట అమానుషమని తీర్పు చెప్పెను. నేరము మోపబడినవాని చేతికి వేయు సంకెలకు కాగితముమీద కారణము కావలెను. ఏ నేరమును చేయని ముసలిదాని చేతికి కట్టిన గుడ్డకు ఎవరును కారణమడుగరు. ఈ వైపరీత్యమును మన చదువరులు ఆలోచింతురుగాక.

ఇచట న్యాయమైన ఒక ప్రశ్న కలదు. ఇంట ఒక్క కోడలే యున్నది. భర్త దూరదేశమున ఉన్నాడు. ఆమె ప్రొద్దున్నే పలాసలో జీడిపప్పు కర్మాగారమునకు కూలికి పోకున్న పొయ్యి వెలుగదు. అత్త తలుపు తీసికొని రైలుపట్టాలవైపు పోవుచున్నది. ఆమె కట్టక ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు నీతులు చెప్పి తప్పించుకొనువారు ఆమెకు శత్రువులు. కట్టినదానికి నింద అంతయు కోడలిమీద, డబ్బు పంపినందుకు కీర్తి అంతయు కొడుకుమీద పడుట మన లోకపురీతి. ఆమె వేసిన ముడిలో, దూరముననున్న కొడుకు చేయియు, దగ్గఱనుండియు ప్రక్కకు చూడని ఆడుబిడ్డ చేయియు, ఇరుగుపొరుగు చేతులును కలిసియున్నవి. మన పల్లెలలో చచ్చినవాని చెంత తెల్లవార్లు కూర్చుండి జాగారము చేయుటకు వీధియంతయు వచ్చును. బ్రదికియుండి కలవరపడువాని చెంత వంతులవారీగ రెండేసి గంటలు కూర్చుండుటకు ఆ వీధి రాకూడదా? నాలుగిండ్ల ముసలివారిని పగటివేళ ఒక చావడిలో కూర్చుండబెట్టి, కూలి యిచ్చి ఒక మనిషిని నియమించుట సాధ్యము కాదా? దూరముననున్న కొడుకులు పంపు సొమ్ములో దీనికొక భాగము చెల్లుట న్యాయము.

సంస్కృతము చదివినవారెఱిగిన సంగతి యొకటి ఇచట పనికివచ్చును. శుశ్రూష యను మాటకు మూలార్థము వినగోరుట. వినవలెనను కోరికయే క్రమముగా సేవయను అర్థమును పొందినది. కట్టబడిన ముసలివారు ఊరక పెనగులాడరు, ఏదో చెప్పుచుందురు. దాహమనియో, మూత్రమనియో, సూది నొచ్చుచున్నదనియో, చీకటిగా నున్నదనియో చెప్పుచుందురు. కలవరపడిన వృద్ధునికి నీరు చాలకపోవుట, మూత్రమార్గమున వ్యాధి, మలబద్ధము, నొప్పి, కొత్తగా వేసిన మందు - వీనిలో ఏదో యొకటి కారణమై యుండుట వైద్యులకు నిత్యానుభవము. కారణము తీసినచో కలవరము తగ్గును. కళ్లద్దములు చేతికిచ్చుట, వినికిడి యంత్రము పెట్టుట, రాత్రి చిన్న దీపముంచుట, వేళకు మూత్రమునకు తీసికొనిపోవుట, ఎత్తు మంచము మాని నేలకు దగ్గఱగా పరుపు వేయుట, అక్కఱ తీరిన గొట్టమును వైద్యుని అడిగి తీయించుట, ఉన్న గొట్టమును కంటబడకుండ గుడ్డతో కప్పుట, పగటిపూట చేయిపట్టి నాలుగడుగులు నడిపించుట - వీనిలో దేనికిని విస్తారమైన ధనము అక్కఱలేదు. వినువాడు ఒకడు కావలెను.

వృద్ధాశ్రమములు నడుపువారిని, వాటిలో తమవారిని చేర్చువారిని మేము కోరునది ఇది. చేర్చుటకు ముందు గోడల రంగునుగూర్చియు, భోజనపు పట్టికనుగూర్చియు అడుగుదురు. వానితోపాటు రాత్రివేళ ఎందరికి ఒక పరిచారకుడు కలడో అడుగుడు. ఎవరినైన కట్టినచో వ్రాయు పుస్తకము కలదా యని అడిగి, దానిని తెప్పించి చూడుడు. ఎవరు, ఏ గంటకు, ఏ కారణమున, ఎవరి అనుమతితో కట్టిరో, ఎప్పుడు విప్పిరో అందు ఉండవలెను. పుస్తకము లేదనువారియందు కట్లు లేవని నమ్మనక్కఱలేదు. పలాసలోను, టెక్కలిలోను, సోంపేటలోను గల వైద్యశాలలందు కలవరపడు రోగి చెంత ఇంటివారొకరిని రాత్రియంతయు కూర్చుండనిచ్చు ఏర్పాటు నియమముగా రావలెను.

ఇండ్లకు మాత్రము లింకనువారు 1829లో చేసిన నియమమే చాలును. కట్టక తప్పని గడియ ఎప్పుడైన వచ్చినచో, కట్టినవారు ఆ మంచము ప్రక్కనుండి లేవరాదు. ప్రమాదము గడచిన వెంటనే తామే విప్పవలెను. ఈ నియమమును పాటించు ఇంట ముడివేయుట ఎంత అరుదగునో కొలదిదినములలోనే ఆ యింటివారికి తెలియగలదు.